సణుగుడు కథ

మా వంటింటి పంపు కారడం మొదలుపెట్టి అప్పటికి మూడు వారాలు. చుక్క తరవాత చుక్క. పగలు సందడిలో తెలియదు గాని, రాత్రి అందరూ పడుకున్నాక ఆ టప్ టప్ మని పడే చప్పుడు నెత్తిమీద పడుతున్నట్టే ఉండేది. మొదటి రోజు మావారికి చెప్పాను. రెండో రోజు గుర్తుచేశాను. మూడో రోజు కాస్త గట్టిగా గుర్తుచేశాను. వారం గడిచాక ఇక చెప్పడం మానేసి, కాఫీ కలుపుతూ, గిన్నెలు సర్దుతూ, ఎవరితోనూ కాకుండా ఆ పంపుతోనే నా గోడు చెప్పుకోవడం మొదలుపెట్టాను. అప్పుడొచ్చింది పేపరు వెనకనుంచి గొంతు:

"పొద్దున్నే ఏమిటా సణుగుడు?"

చూశారా! పంపు కారడం మూడు వారాలనాటి సంగతి. సణుగుడు ఆ పూట సంగతి. అయినా తప్పు పంపుమీదనుంచి జారి నా నెత్తిన పడింది.

ఆ మర్నాడు పక్కింటి పెద్దాయన గేటు దగ్గర నిలబడి, "మీ పంపు చప్పుడు మా గోడకు వినపడుతోందండీ" అన్నారు. అంతే! సాయంత్రానికల్లా మనిషి వచ్చి కొత్త వాచరు వేసి వెళ్ళాడు. పంపు ఒకటే, చుక్క ఒకటే, చెప్పిన మాటా ఒకటే. కాని ఆయన అన్నది ఫిర్యాదు, నేనన్నది సణుగుడు. ఇదెక్కడి న్యాయం అని ఆ రాత్రి, పంపు చప్పుడు లేని నిశ్శబ్దంలో, ఆలోచిస్తూ పడుకున్నాను.

అన్నట్టు, మన తెలుగులో ఈ జాతి మాటలు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? సణగడం, గొణగడం, నసగడం మూడూ తోడబుట్టినవాళ్ళలా వినిపిస్తాయి గాని మూడూ ఒకటి కావు. గొణుగుడు మాట పైకి రాకుండా నోట్లోనే నలిగిపోయేది. ఎదుటివాడికి చప్పుడు వినపడుతుంది గాని అర్థం కాదు. నసుగుడు చెప్పాలని ఉండీ చెప్పలేక నీళ్ళు నమలడం. అప్పు అడగడానికి వచ్చిన చుట్టం నసుగుతాడు, పరీక్ష తప్పిన కుర్రాడు నసుగుతాడు. సణుగుడు వేరు. దాంట్లో మాటలు వినపడుతూనే ఉంటాయి, అర్థమూ అవుతూనే ఉంటుంది. అయితే అవి ఎవరికీ సూటిగా తగలవు. గిన్నెలకు తగులుతాయి, తలుపుకు తగులుతాయి, పాపం ఏమీ ఎరగని పిల్లాడి వీపుకూ అప్పుడప్పుడు తగులుతాయి. అత్తమీది కోపం దుత్తమీద అని ఊరికే అన్నారా!

ఇవి గాక పిల్లలు గునుస్తారు. మొగుళ్ళు విసుక్కుంటారు, చిర్రుబుర్రులాడతారు. అత్తలు దెప్పుతారు, సాధిస్తారు. ఆడబిడ్డలు ఎత్తిపొడుస్తారు. ప్రాణస్నేహితులు నిష్ఠూరమాడతారు. నిష్ఠూరంలో ఎంత చనువుందో చూడండి! కావలసినవాళ్ళతో తప్ప ఎవరితోనూ నిష్ఠూరమాడలేం. "మా ఇంటి గడప తొక్కి ఎన్నాళ్ళైందమ్మా" అనడంలో కోపం కంటే ప్రేమే ఎక్కువ.

ఇక రెండో వరస మాటలు వేరే ఉన్నాయి. మొర, మనవి, అర్జీ, ఫిర్యాదు. మొర మన మాటే. దేవుడితోనో రాజుతోనో పెట్టుకునేది. అర్జీ, ఫిర్యాదు పారసీనుంచి కచేరీల దారిన మన ఊళ్ళలోకి వచ్చాయి. ఫిర్యాదు అంటే ఆ భాషలోనూ మొరే, గట్టిగా పెట్టిన కేక. ఈ రెండు వరసలకూ తేడా ఏమిటని ఆలోచిస్తే నాకొకటే తోచింది. మొరకూ ఫిర్యాదుకూ ఎదురుగా ఒక చెవి ఉంటుంది. ఆ చెవి వినాలన్న ఏర్పాటు ఉంటుంది. సణుగుడుకు చెవి లేదు. చెవి లేనిచోట పుట్టిన ఫిర్యాదే సణుగుడు.

మా అమ్మమ్మగారి ఊరు కృష్ణ కాలవల చివర. కాలవలో నీళ్ళు సరిగ్గా రాని ఏడు తాతయ్య లాంతరు ముందు కూచుని, కళ్ళజోడు సర్దుకుని, తహసీల్దారుగారికి అర్జీ రాసేవాడు. జమాబందీకి దొరలు వచ్చినప్పుడు మళ్ళీ ఒకటి ఇచ్చేవాడు. "మీ నాన్న నీళ్ళకోసం పోరాడుతున్నాడు" అని అమ్మకు చెప్పేవారట చుట్టుపక్కలవాళ్ళు. అదే నీటి ఎద్దడికి రెండు మైళ్ళు బిందె మోసింది అమ్మమ్మ. బిందె దింపుతూ ఆవిడ అనుకున్న మాటలు, తాతయ్య రాసిన మాటలు కాగితం మీద పక్కపక్కన పెడితే పెద్ద తేడా ఉండకపోను. తాతయ్యది అర్జీ అయింది. అమ్మమ్మది మాత్రం "ముసల్దాని సణుగుడు" అయింది. అప్పటికి ఆవిడకు నలభై కూడా లేవు.

సరే, సణగడం మానేసి గట్టిగానే చెబుదామంటారా? అక్కడ ఇంకో గొయ్యి ఉంది. మగవాడు గట్టిగా చెబితే "ముక్కుసూటి మనిషి, ఉన్నదున్నట్టు మాట్లాడతాడు" అంటారు. అదే మాట ఆడది అదే గొంతుతో అంటే "గయ్యాళి". మెల్లిగా అంటే సణుగుడు, గట్టిగా అంటే గయ్యాళితనం. ఈ రెంటికీ మధ్య, మామూలుగా చెప్పడం అన్నదానికి చోటే లేదు. మన సూర్యకాంతమ్మగారి సంగతే చూడండి. 1962లో వచ్చిన గుండమ్మ కథ నాటికే ఆవిడ ఆ వేషాలకు పెట్టింది పేరు. ఆవిడ నటన ఎంత గొప్పదంటే, ఆ తరవాత ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడానికే జనం జంకారని చెప్పుకుంటారు. బయట ఆవిడ చాలా మంచి మనిషని, షూటింగుకు అందరికీ వండి తెచ్చి పెట్టేదని ఎంతమంది చెప్పినా, నోరున్న ఆడదంటే చాలు, ఆ పేరే గుర్తొచ్చేది మనకు.

ఇదేదో మన దేశపు జాడ్యం అనుకునేరు. దొరల దేశంలో ఇంతకన్నా ఘోరం. ఇంగ్లండులో నోరు చేసుకునే ఆడదానికి చట్టంలో ఒక పేరే ఉండేది, "కామన్ స్కోల్డ్" అని. ఇరుగుపొరుగుకు శాంతి లేకుండా చేస్తోందని రుజువైతే ఆమెను ఒక కుర్చీకి కట్టి, ఆ కుర్చీని పొడుగాటి దూలానికి తగిలించి, చెరువులోనో ఏట్లోనో ముంచి లేపేవారు. కొన్ని ఊళ్ళలో ఇనప కళ్ళెం చేయించి తలకు తొడిగేవారు. నాలుక కదలకుండా దానికొక ఇనప బిళ్ళ. లెమిన్‌స్టర్ అనే ఊళ్ళో ఆ ముంచే కుర్చీని 1809 దాకా వాడారు. 1829లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో యాన్ రాయల్ అనే పత్రికా రచయిత్రిని ఈ నేరం మీదే కోర్టుకెక్కించి జరిమానా వేశారు. ఇంగ్లండు చట్టంలోంచి ఈ నేరాన్ని తీసెయ్యడం 1967లో గాని జరగలేదు. మగవాడికి ఈ నేరం వర్తించదని వేరే చెప్పాలా!

ఇంతవరకూ నవ్వుకుంటూ చదివి ఉంటారు. నేనూ నవ్వుకుంటూనే రాశాను. కాని ఈ సణుగుడు కథ మొత్తం మన వంటింట్లోనే తేలిపోయేది కాదు. దీనికోసం బాపట్ల వైపు, చీరాల పక్కనున్న కారంచేడు దాకా ఒకసారి వెళ్ళి రావాలి.

ముందు చీరాలలో ఆగుదాం. 1919లో ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. సౌకర్యాలు పెరగలేదు గాని పన్ను మాత్రం ఏడాదికి నాలుగువేల నుంచి నలభైవేలకు పెరిగిందని చెబుతారు. జనంలో ఎక్కువమంది నేతగాళ్ళూ, చిన్న రైతులూను. మొదట ఇళ్ళలో సణుక్కున్నారు, తరవాత అర్జీలు పెట్టుకున్నారు. పైవాళ్ళు వినలేదు. పన్ను కట్టమన్నారు, జైళ్ళకు వెళ్ళారు. వెళ్ళినవాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది. చివరికి 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన వేలమంది ఊరే ఖాళీ చేసి, హద్దు అవతల రామనగరం అని పేరు పెట్టుకుని, పాకలు వేసుకుని పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చుకుని కాపురాలు చేశారు. ఇంటి నాలుగు గోడలమధ్య సణుగుడుగా ఉన్నది, అందరూ ఒక్కసారి అనేసరికి చరిత్ర అయింది. మన పాఠ్యపుస్తకాలలోకీ ఎక్కింది.

ఇప్పుడు కారంచేడు. కాలవ నీళ్ళూ, నల్లరేగడి పొలాలూ, వరీ పొగాకూ పండే కలిగిన ఊరు. నిర్మాత రామానాయుడుగారు 1936లో పుట్టిందీ ఆ ఊళ్ళోనే. ఆ ఊళ్ళో మాదిగపల్లెవాళ్ళు తాగే నీళ్ళ చెరువొకటి ఉండేది. 1985 జూలై 16 సాయంత్రం. గేదెల కుడితి బకెట్లు కడిగి ఆ మంచినీళ్ళను మురికి చేస్తున్నారు కమ్మ భూస్వాముల ఇళ్ళ కుర్రవాళ్ళిద్దరు. పల్లెకు చెందిన ఒక యువకుడు వద్దన్నాడు. వాళ్ళు అతని మీదికి వెళ్ళారు. అప్పుడే నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడింది. మేం తాగే నీళ్ళు కదా అన్నది. ఆమె మీదికీ చర్నాకోల లేచింది. దెబ్బ తప్పించుకోవడానికి చేతిలో బిందె ఎత్తింది.

అంతే జరిగింది. ఆలోచించండి. అందులో ఒక్క మాటైనా మనం మన పంపు గురించి అనే మాటకంటే పెద్దదా? తాగే నీళ్ళు పాడుచెయ్యొద్దని చెప్పడం. ఆమె దాన్ని నోట్లో గొణుక్కుంటూ బిందె ముంచుకుని వెళ్ళిపోయి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కారు. అలా గొణుక్కుని వెళ్ళిపోయిన సాయంత్రాలు ఆ పల్లెలో ఎన్ని తరాలు గడిచి ఉంటాయో! ఆ రోజు మాత్రం ఒకామె పైకి, ఎదురుగా, వినపడేట్టు అన్నది. బిందె ఎత్తింది. మన ఇళ్ళలో గయ్యాళితనం అనే మాటకు ఊళ్ళో పేరు వేరు. అక్కడ దాన్ని పొగరన్నారు, తలబిరుసన్నారు.

మర్నాడు, జూలై 17 పొద్దున, పల్లె మీద మూకుమ్మడి దాడి జరిగింది. పొలాల్లోకి పారిపోయినవాళ్ళను వెంటాడి కొట్టారు. ఆరుగురు మగవాళ్ళు చనిపోయారు. స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. చావగా మిగిలినవాళ్ళు గాయాలతో, పిల్లలతో చీరాల దారి పట్టారు. చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. చాలామంది మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు, చీరాలలోనే కాలనీ కట్టుకుని ఉండిపోయారు. 1921లో చీరాలవాళ్ళు తమ ఊరు విడిచి బయటికి నడిచారు. 1985లో కారంచేడువాళ్ళు తమ ఊరు విడిచి చీరాలకు నడిచారు. మొదటివాళ్ళు కావాలని వెళ్ళారు, పదకొండు నెలలకు తిరిగి వచ్చారు. రెండోవాళ్ళకు ఆ తిరిగి రావడమే లేదు.

అయితే ఈసారి మాట మళ్ళీ గొంతులోకి దిగిపోలేదు. ఆ ఏడాదే కత్తి పద్మారావుగారు, బొజ్జా తారకంగారు మొదలైనవాళ్ళు దళిత మహాసభను నిలబెట్టారు. రాష్ట్రమంతా ఊరూరా సభలు జరిగాయి. చెరువుల దగ్గర, బావుల దగ్గర అంటరానితనం పాటించడం నేరమని 1955లోనే చట్టం ఉంది గాని, ఆ చట్టానికి చెవులు చాలలేదు. షెడ్యూల్డు కులాల, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని వెనక కారంచేడు నెత్తురు కూడా ఉందని అందరూ ఒప్పుకుంటారు. కేసు మాత్రం కోర్టులు ఎక్కి దిగుతూ 2008 డిసెంబరు దాకా సాగింది. అప్పుడు సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవ శిక్ష, మరో 29 మందికి మూడేళ్ళ చొప్పున శిక్ష ఖాయం చేసింది. ఒక సాయంత్రం చెరువు మెట్ల మీద అన్న మాటను దేశపు పెద్ద కోర్టు పూర్తిగా వినడానికి 23 ఏళ్ళు పట్టిందన్నమాట.

ఇంకో మాట కూడా చెప్పి ముగిస్తాను. కారంచేడు తరవాత ఏడేళ్ళకు, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అంతకుముందు ఆ ఆడవాళ్ళు ఏం చేసేవారు? మనకు తెలిసిందే. కూలి డబ్బు సారాకు పోసి మొగుడు తూలుకుంటూ వస్తే, పొయ్యి ముందు కూచుని సణిగేవారు. గట్టిగా అంటే దెబ్బలు. ఆ రోజుల్లోనే అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రి బళ్ళలో పలక పట్టుకుని ఒకచోట కూచున్నారు. సారా దుకాణాన్ని ఆడవాళ్ళు కలిసి మూయించిన కథ వాళ్ళ వాచకంలోనే పాఠంగా ఉంది. ఒకామె ఇంట్లో సణుగుడు, పక్కామె ఇంట్లో సణుగుడు, అన్నీ ఒకటే మాటలని ఆ బడిలో తెలిసింది. దూబగుంట రోశమ్మగారి పేరు ఆ పోరాటంతోనే ఊరి పేరుతో కలిసిపోయింది. 1993 అక్టోబరు ఒకటిన రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారనుకోండి, అది వేరే కథ. కాని సణుగుడుకు చట్టం చేయించే సత్తా ఉందని అప్పుడు తేలింది. అందరి సణుగుడూ ఒకచోట చేరితే చాలు.

ఇదంతా రాసి, బాగానే రాశానని మురుసుకుంటూ కాగితాలు సర్దుతున్నాను. పెరట్లోనుంచి గిన్నెల చప్పుడు, దాంతోపాటు మా పనిమనిషి గొంతు. రోజూ వినే గొంతే. "దానికి సణుగుడెక్కువండీ, పని మాత్రం బాగా చేస్తుంది" అని ఎదురింటావిడతో నేనే ఎన్నిసార్లు అన్నానో! ఆ మాట గుర్తొచ్చేసరికి చేతిలో కాగితాలు బరువెక్కాయి.

పెరట్లోకి వెళ్ళి, "ఏమంటున్నావే?" అన్నాను.

"ఏం లేదు లెండమ్మా" అంది తలెత్తకుండా.

ఆ "ఏం లేదు" నాకు బాగా తెలుసు. మావారు పేపరు దించి "ఏమిటీ?" అన్నప్పుడల్లా నేను చెప్పే జవాబూ అదే. అందుకే ఈసారి వెనక్కి తిరగలేదు. పక్కనున్న మెట్టు మీద కూచున్నాను. కాసేపటికి తనే అంది.

"ఆ గోడమీది గ్లాసు గురించమ్మా. ఎనిమిదేళ్ళ నుంచీ నా టీ అందులోనే పోస్తన్నారు గందా. మీ గిన్నెలన్నీ నేనే తోమతాను. నే తోమిన గ్లాసులో నాకు టీ పొయ్యటానికి ఏమొచ్చిందా అని… అదేనమ్మా, నాలో నేను అనుకుంటన్నా."

పెరటి గోడ మీద, ఎండకు రంగు పోయిన ప్లాస్టిక్ గ్లాసు. అక్కడ ఎవరు పెట్టారో నాకు గుర్తులేదు. మా అత్తగారి రోజుల అలవాటని సర్దిచెప్పుకోబోయాను. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. గ్లాసు ఇంకా గోడ మీదే ఉంది.

ఆ రోజు టీ స్టీలు గ్లాసుల్లో పోశాను, రెండూ ఒక సెట్టువే. ఇద్దరం మెట్టు మీదే కూచుని తాగాం. ఇదేమంత ఘనకార్యం అని చెప్పడం లేదు. ఎనిమిదేళ్ళు ఆలస్యంగా చేసిన పని ఘనకార్యం ఎలా అవుతుంది? తను గ్లాసు కడిగి లోపల పెడుతూ మళ్ళీ ఏదో అంటోంది. ఈసారి వినిపించేట్టే అంది.

"ఆ పెరటి పంపు కూడా కారతందమ్మా. అయ్యగారికి చెప్పండి."

చెప్పాను. ఫిర్యాదు తనది అని కూడా చెప్పాను.